పాత పంచెతో పసిబిడ్డకి గోచీ గుడ్డలు

నాకు తొమ్మిదో నెల. మొదటి కాన్పుకి గుంటూరులో పుట్టింటికి వచ్చాను. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనొద్దని అమ్మ మాట. పుట్టాక షాపులకి తిరిగే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే నాన్న కట్టి కట్టి మెత్తబడిన నూలు పంచె ఒకటి తీశాం.

ఎనిమిది మూరల పంచె. జరీ అంచు గీసుకుంటుందని ముందే తీసేశాం. 60 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోస్తే 12 వచ్చాయి. అంచులు మడిచి కుట్టడం మాత్రం మానకండి, ఊడిన పోగులు బిడ్డ కాలివేళ్లకి బిగుసుకుంటాయి. గంజి పోయేలా రెండుసార్లు వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఆరాక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకోకపోతే పాలిస్టర్ కలిసి ఉండొచ్చు, పనికిరాదు.

బీరువాలో కలరా ఉండల మధ్య పెట్టిన బట్ట మాత్రం అసలు వద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిబిడ్డలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతిని కామెర్లు ముదురుతాయి. మన బిడ్డకి ఆ లోపం ఉందో లేదో ముందే తెలియదు కదా. ఉతికితే వాసన పోయిందని సరిపెట్టుకోకుండా, వేరే పంచె చూసుకోండి.