ఫ్రీజర్‌లో పెట్టిన లంచ్ బాక్సు తినకుండా తిరిగొస్తోందా? తప్పు ఎక్కడుందో చూద్దాం

మా పాప స్కూలు వ్యాను ఏడూ పదికల్లా వీధి చివర హారన్ కొడుతుంది. ఆలోపు అన్నం, కూర, జడ, షూ అన్నీ తెమలడం లేదని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అయిదు రోజుల బాక్సులు నింపి ఫ్రీజర్‌లో పేర్చాను. ఎంత గర్వపడ్డానో! సోమవారం సాయంత్రం మూత తీస్తే ఆలూ వేపుడు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నీళ్లు పీల్చుకున్న స్పాంజి నమిలినట్టుంది. పాపని కోప్పడదామంటే నోరు రాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చెడగొట్టుకుంటూ నేర్చుకున్న సంగతులివి. అన్నిటికన్నా ముందు ఒక మాట: బాక్సు మొత్తాన్ని గడ్డకట్టించకండి. తరగడం, ఉడకబెట్టడం, గ్రేవీ మగ్గించడం లాంటి చాకిరీ ఆదివారం చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పోపు మాత్రం ఏ రోజుకారోజు వేయండి. ఆవాలు చిటపటలాడి కరివేపాకు పడితే పాత పప్పుకీ ప్రాణమొస్తుంది. "వాసన లేదమ్మా" అని పిల్లలు అనేది ఎక్కువగా పోపు కూడా ముందే వేసేసినప్పుడే.

అన్నం పలుకులు పలుకులుగా, గట్టిగా ఉంది

చల్లారిన అన్నంలో పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. ఇది ఫ్రీజర్‌లో కంటే కింది ఫ్రిజ్‌లో, సుమారు 4 డిగ్రీల దగ్గర, చాలా జోరుగా జరుగుతుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేసి మర్నాడు గుర్తొచ్చి పైకి మారిస్తే అన్నం అందుకే పాడవుతుంది.

వండిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా ఆరబోసి ఫ్యాను కింద పెట్టండి. ఆవిరి తగ్గి చేతికి వేడి తగలకుండా అయ్యాక, ఒక పూటకి సరిపడా జిప్ కవరులో వేసి అరచేత్తో నొక్కి వేలు మందం పలకలా చేయండి. గాలి బయటికి పంపి మూసి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున ఆ పలకని కవరులోంచి తీసి గిన్నెలో విరిచి వేయండి. రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత పెట్టి ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరికి ఉంచండి. గింజ మళ్లీ మెత్తబడుతుంది. అన్నాన్ని ముందురోజు రాత్రి కిందికి దించి కరగనివ్వాల్సిన పని లేదు, గడ్డగానే ఆవిరికి పెట్టొచ్చు.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. వండిన అన్నం గంటలోపు ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోకపోవచ్చు. "చద్దన్నం తినే కదా మేం పెరిగాం" అంటారు మా అత్తయ్య. నిజమే అత్తయ్యా, కానీ అది నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నం, ఇది స్కూలు బ్యాగులో అయిదు గంటలు మూసి ఉండే అన్నం.

కూర ముక్కలు స్పాంజిలా, నీళ్లు నీళ్లుగా ఉన్నాయి

ముక్కలోని నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులుగా మారి లోపలి గోడల్ని చీల్చేస్తుంది. కరిగాక ఆ నీరంతా బయటికి వచ్చేస్తుంది. బంగాళదుంప దీనికి మొదటి బలి. దుంప పెట్టాలంటే ఉడికించి మెత్తగా చిదిమిన ఆలూ పరాఠా ముద్దలా పెట్టండి, అది తట్టుకుంటుంది. ఉడికించిన గుడ్డులో తెల్లసొన రబ్బరైపోతుంది. కొబ్బరి పచ్చడి విరిగి నీళ్లు వేరవుతాయి. కీరా, పచ్చి టమాటా ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫ్రీజర్‌కి బాగా ఒప్పేవి: ఉల్లిపాయ టమాటా గ్రేవీ, టమాటా పప్పు, ఉడికించిన శనగలు, రాజ్మా, ఇడ్లీలు. బీన్స్, క్యారెట్ ముక్కల్ని మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లనీళ్లలో వేసి, బట్ట మీద పూర్తిగా తడి ఆరాక పెట్టండి. ఆ తడి ఆరబెట్టడం విసుగే, కానీ మానేస్తే ముక్కలన్నీ ఒకే గడ్డ అవుతాయి. పులిహోర పులుసుకి అసలు ఫ్రీజర్ ఎందుకు? మామూలు ఫ్రిజ్‌లోనే బాగుంటుంది.

చపాతీ అప్పడంలా విరిగిపోతోంది

పూర్తిగా కాల్చి పెట్టారు, అదీ మూత లేకుండా. ఫ్రీజర్ గాలి చాలా పొడిగా ఉంటుంది. రెండు వైపులా రంగు మారేంత వరకే సగం కాల్చి, చల్లారాక మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి దొంతరగా కవరులో మూసేయండి. పొద్దున గడ్డగానే పెనం మీద వేసి, కొంచెం నెయ్యి రాసి కాల్చుకోవచ్చు.

అంచులు వేడి, మధ్యలో చల్లగా

గిన్నె నిండా పోసి గడ్డకట్టిస్తే ఇలాగే అవుతుంది. గ్రేవీని కూడా అన్నంలాగే పల్చటి పలకలుగా పెట్టి, ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. వంటగట్టు మీద కరగనివ్వొద్దు. పొద్దున కలుపుతూ, మధ్యలో కూడా పొగలు కక్కేదాకా వేడిచేయాలి. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు.

మధ్యాహ్నానికి బాక్సు చెమటపట్టి ఇడ్లీ జిగురుగా అవుతోంది

పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే ఆ ఆవిరి నీరై కిందికే దిగుతుంది. ఇడ్లీ, చపాతీ లాంటి పొడి వస్తువుల్ని అయిదు నిమిషాలు పళ్లెంలో ఆవిరి పోనిచ్చి పెట్టండి. అన్నం, పప్పు మాత్రం మరోలా చేయాలి. వేడి నిలిపే డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి అయిదు నిమిషాలుంచి, పారబోసి, బాగా వేడిగా ఉన్న పప్పన్నం నింపి వెంటనే మూయాలి. ఈ పని మానేస్తే ఎంత ఖరీదైన డబ్బా అయినా తొందరగా చల్లబడుతుంది.

అన్నిటికీ ఒకటే ఫ్రీజర్ వాసన

మూత సరిగ్గా లేదు, పక్కన చేపల కవరుంది. అక్కడక్కడ తెల్లగా ఎండిన మచ్చలు కనిపిస్తే భయం లేదు, రుచే పోతుంది. కవరు మీద తేదీ రాయండి. మా ఇంట్లో ఉన్నది సింగిల్ డోర్ ఫ్రిజ్. ఇలాంటి వాటిలో పై అర చాలాసార్లు కావాల్సిన మైనస్ 18కి చేరదు. అందుకే నేను వారానికి మించి ఏదీ ఉంచను. గోడలకి మంచు మందంగా పేరుకుంటే డీఫ్రాస్ట్ చేసుకోండి.

రాత్రి కరెంటు పోయింది, ఉంచాలా పారేయాలా?

చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఊరెళ్లి వచ్చాక బిళ్ల అడుగున కనిపిస్తే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఇక ఆలోచించకుండా పారేయండి. బిళ్ల పైనే ఉంటే ఫర్వాలేదు. కరెంటు లేనంతసేపు తలుపు తీసి చూడకపోవడమే మంచిది, మా వారు ప్రతి పావుగంటకీ తీసి "ఇంకా చల్లగానే ఉంది" అనేవారు.

పెరుగన్నం విరిగి పుల్లబడింది

పెరుగు ఫ్రీజర్‌లో విరిగిపోతుంది, మందు లేదు. పెరుగన్నం ముందే చేయొద్దు. పొద్దున మెత్తగా వండిన అన్నంలో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు, ఉప్పు వేసి కలిపి మూత పెట్టండి. లంచ్ బెల్ కొట్టే వేళకి బాక్సులోనే తోడుకుంటుంది, పులుపు ఉండదు. చలికాలం అయితే పెరుగు రెండు చెంచాలు వేసుకోవాలి.