గ్రేస్‌కి తెలుగు మాట వెతికేటప్పుడు

‘విత్ గ్రేస్’ అన్నచోట నిఘంటువులో ముందు కనబడ్డ ‘దయ’ తెచ్చి అతికిస్తే ‘ఆమె దయతో నాట్యం చేసింది’ అవుతుంది. ప్రేక్షకుల మీద జాలిపడి ఆడిందన్నమాట! తప్పు ‘దయ’ది కాదు. ఇంగ్లిషులో ఒక్క మాట మోసే బరువును తెలుగులో నాలుగైదు మాటలు పంచుకుంటాయి.

లాటిన్‌లో ‘గ్రాతుస్’ అంటే ఇష్టమైనది, కృతజ్ఞత గలది అని రెండర్థాలూ ఉన్నాయి. దాన్నుంచి పుట్టిన ‘గ్రాతియా’కి మూడు ముఖాలు: ఒకరి మీద చూపే ఆదరం, చూపరికి కలిగే ఇంపు, అందుకు చెప్పే కృతజ్ఞత. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకి మూడూ చేరాయి. మనవైపు దీని చుట్టం సంస్కృతంలోని ‘గృణాతి’, అంటే స్తుతిస్తాడు. ‘అనుగ్రహం’ వినడానికి దగ్గరగా ఉన్నా చుట్టరికం లేదు. అది ‘గ్రహ్’ ధాతువు, పట్టుకోవడం; ఆగ్రహం, నిగ్రహం, విగ్రహం దాని తోబుట్టువులు.

కాబట్టి మొదట మూడు ముఖాల్లో ఏదో తేల్చుకోండి. ఆదరమైతే ఇంకో రెండు ప్రశ్నలు: ఇచ్చేదెవరు? పుచ్చుకునేవారికి అది హక్కా, కాదా?

ఈ రెండో ప్రశ్న డబ్బు దగ్గర బాగా పనికొస్తుంది. ‘ఎక్స్‌గ్రేషియా’ అంటే దయతో ఇచ్చేది. ప్రమాదం జరిగాక ప్రభుత్వం ప్రకటించే ఆ మొత్తాన్ని ‘నష్టపరిహారం’ అని రాయకూడదు. పరిహారం బాధ్యత ఉన్నవాడు కట్టేది, కోర్టుకెళ్లి అడగదగ్గది. ‘గ్రాట్యుటీ’దీ అదే వేరు గానీ 1972 చట్టం దాన్ని హక్కు చేసింది: ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం లెక్క. అక్కడ ‘కానుక’ అని రాస్తే యజమాని ఇష్టంలా వినబడుతుంది. రెండు మాటలూ అలాగే ఉంచేయడం మేలు, జనానికి తెలిసినవే.

‘గ్రేస్ పీరియడ్’ కూడా అంతే. వివరించాలంటే ‘అదనపు గడువు’ అనండి. ‘గడువు పొడిగింపు’ అనొద్దు, ఎందుకంటే అసలు తేదీ మారదు. జీవిత బీమా ప్రీమియం నెలనెలా కట్టేవారికి ఇది 15 రోజులు, మూడు నెలలకో ఏడాదికో కట్టేవారికి 30. వర్తక బిల్లుల (ఫలానా తేదీకి సొమ్ము కట్టాలని రాసే పత్రాల) పాఠంలో మాత్రం ‘అనుగ్రహ దినాలు’ స్థిరపడ్డ మాట: 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం 3 రోజులు. మార్చి 1న రాసిన రెండు నెలల బిల్లుకి మే 1 కాదు, మే 4 లెక్క. గ్రేస్ మార్కులు గ్రేస్ మార్కులే.

ఇచ్చేది దేవుడైతే ఏ సంప్రదాయమో చూడకుండా కలం కదపొద్దు. ప్రొటెస్టెంట్ల మాట ‘కృప’, కథోలికుల మాట ‘వరప్రసాదం’. లూకా 1:28లో దూత మరియతో అన్న గ్రీకు మాట ఒక్కటే. వాడుకలో ఉన్న పాత తెలుగు బైబిలు ‘దయాప్రాప్తురాలా’ అంటుంది, కథోలిక జపం ‘దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా’ అంటుంది. ఒకరి మాట ఇంకొకరి పుస్తకంలో పెడితే పాఠకుడు మొదటి పేజీలోనే పసిగడతాడు.

కృపకీ కనికరానికీ తేడా చెరిపేయడం తరచూ జరిగే పొరపాటు. రావలసిన శిక్ష తప్పించడం కనికరం. రానవసరం లేని మేలు ఇవ్వడం కృప. 1 తిమోతి 1:2లో ‘కృపయు కనికరమును సమాధానమును’ వరసగా వస్తాయి. మొదటిదాన్నీ కనికరమనేస్తే రెండోదానికి మాట మిగలదు. అలాగని తెలుగు బైబిల్లో కృప కనబడ్డచోటల్లా ఇంగ్లిషులో గ్రేస్ ఉంటుందనుకోకండి. 136వ కీర్తనలో ‘ఆయన కృప నిరంతరముండును’ అన్నచోట కింగ్ జేమ్స్ అనువాదంలో ఉన్నది ‘మెర్సీ’.

హైందవ సందర్భంలో అనుగ్రహం, కటాక్షం, ప్రసాదం. కటాక్షం అచ్చంగా కడగంటి చూపు, కాబట్టి అమ్మవారికీ పెద్దలకీ నప్పుతుంది. ప్రసాదం మొదట పులిహోర కాదు: మడ్డి దిగి నీరు తేటపడటం, మనసు ప్రసన్నం కావడం. గీత చివర అర్జునుడు ‘త్వత్ప్రసాదాత్’ అన్నది ఆ అర్థంలోనే. అర్హతతో పనిలేని కృప అని చెప్పాలంటే శ్రీవైష్ణవుల ‘నిర్హేతుక కృప’ సిద్ధంగా ఉంది. దానికి వాళ్లు చెప్పే పోలిక ఇది: కోతిపిల్ల తల్లిని తానే కరుచుకోవాలి. పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. నిర్హేతుకం ఆ రెండోది.

మనుషుల మధ్య ఈ బరువులేవీ వద్దు. ‘అంతా మీ చలవే’ అంటే చాలు.

ఇంపు అర్థంలో కదలికకి హొయలు, ఒయ్యారం. తీరుకి సొగసు, నాజూకు. మేని మెరుపుకి లావణ్యం. హొయలు నర్తకికి సరే, ఎనభై ఏళ్ల పెద్దాయన నడకకి వెటకారమవుతుంది. అక్కడ ‘హుందా’ రాయండి. బ్యాటర్ కవర్ డ్రైవ్‌కి సొగసు.

నుడికారాల దగ్గర మూలాన్ని వదిలేయండి. తప్పు ఒప్పుకునే ‘గ్రేస్’ అంటే ఆపాటి సంస్కారం. ‘సేవింగ్ గ్రేస్’ అంటే ఉన్నంతలో ఊరట. ‘ఫాల్ ఫ్రమ్ గ్రేస్’ రాజకీయ వార్తలో ప్రాపకం పోవడం. ‘సే గ్రేస్’ భోజనానికి ముందు ప్రార్థన. కృతజ్ఞత అనే మూడో ముఖం మిగిలింది అక్కడే. ‘కూ ద గ్రాస్’ని ‘దయాఘాతం’ చేయకండి. కొసప్రాణంతో కొట్టుకునేవాణ్ణి ఆ బాధ నుంచి తప్పించే చివరి దెబ్బ అది.

గ్రేసమ్మ గారి పేరు మాత్రం కృపమ్మ చేయొద్దు. ఆధార్ కార్డులో ఎలా ఉంటే అలాగే.