అమెరికా కాలేజీ ఉద్యోగానికి డైవర్సిటీ, ఫెయిత్ స్టేట్‌మెంట్లు రాసేటప్పుడు

అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలకు అప్లై చేసే మన పీహెచ్‌డీలు చాలామంది రీసెర్చ్ ప్లాన్ మీద నెలలు పెడతారు. వైవిధ్యమున్న విద్యార్థులకు తోడ్పడేందుకు ఏం చేశారో చెప్పే డైవర్సిటీ స్టేట్‌మెంట్‌ను, మత కాలేజీలు అడిగే విశ్వాస ప్రకటన అయిన ఫెయిత్ స్టేట్‌మెంట్‌ను మాత్రం గడువు రాత్రి రాస్తారు. పైగా ఒకటే ఫైలు అన్ని చోట్లకీ పంపేస్తారు.

ముందు ప్రకటన చివరిదాకా చదవండి. డైవర్సిటీ స్టేట్‌మెంట్ ఇప్పుడు చాలా చోట్ల లేదు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2024 జనవరి 1 నుంచి చట్టమే వద్దంది. ఎమ్‌ఐటీ 2024 మేలో మానేసింది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 2025 మార్చిలో ఆ షరతు ఎత్తేసింది. అడగని చోట పాత కాగితం జత చేయకండి.

అడిగితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2018-19లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకే చెందిన బర్క్‌లీ క్యాంపస్‌లో లైఫ్ సైన్సెస్ నియామకాల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది తొలి వడపోతలోనే, ఈ కాగితం దగ్గరే ఆగిపోయారు. అప్పటి అక్కడి కొలబద్దలో మూడు అంశాలుండేవి: అవగాహన, ఇప్పటిదాకా చేసిన పని, రేపు చేయబోయే పని. ఒక్కోదానికి 5 మార్కులు. “విద్యార్థులందరినీ ఒకేలా చూస్తాను” అన్న వాక్యం మనకు గొప్పగా వినిపిస్తుంది కానీ, ఆ కొలబద్దలో దానికి పడేది ఒకటో రెండో. తెలుగు మీడియం కష్టాలు రెండు మూడు వాక్యాలకు మించనివ్వకండి. మార్కులు పుట్టుకకు కాదు, పనికి. మొదటి మిడ్‌టర్మ్‌లో వెనకబడ్డవాళ్లకు వారానికి ఎన్ని గంటలు అదనంగా చెప్పారు, ఎంతమంది వచ్చారు, తర్వాత ఏమైంది, ఇవి రాయండి. ఒకటి, రెండు పేజీలు చాలు.

ఫెయిత్ స్టేట్‌మెంట్ దారి వేరు. 1964 పౌరహక్కుల చట్టం మత కాలేజీలకు తమ మతస్థులనే తీసుకునే వెసులుబాటు ఇచ్చింది. ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీలో విశ్వాస ప్రకటనకు కట్టుబడి ఉన్నామని అధ్యాపకులు ఏటా మళ్లీ ఒప్పుకోవాలి. నమ్మకం లేకుండా సంతకం పెడితే అది ఉద్యోగమున్నన్నాళ్లూ వెంటాడుతుంది. నమ్మి పెట్టినా భాష్యం దగ్గర తేడా రావచ్చు: క్రైస్తవులూ ముస్లింలూ ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారని 2015లో ఫేస్‌బుక్‌లో రాసిన ఒక టెన్యూర్డ్ (శాశ్వత ఉద్యోగ హామీ ఉన్న) ప్రొఫెసర్‌ను వీటన్ సెలవుపై పంపింది, 2016లో ఆమె వెళ్లిపోయారు.

జెసూట్ (కేథలిక్ మత సంఘం) కాలేజీల్లో హిందువులకూ ముస్లింలకూ తలుపులు తెరిచే ఉంటాయి. వాళ్లు సాధారణంగా అడిగేది మత విశ్వాసం గురించి కాదు, సంస్థ ఆశయానికి మీరేం తోడవగలరని. వాళ్ల వెబ్‌సైట్ వాక్యాలు తిరగరాసి పంపితే కమిటీ ఇట్టే పట్టేస్తుంది. విద్యార్థిని మొత్తం మనిషిగా చూడాలన్న వాళ్ల మాటకు మీ క్లాసులోంచి ఒక సంఘటన ఇవ్వండి. లేని భక్తి నటించకండి. ఒప్పుకోవాల్సింది విశ్వాసమా, ఆశయమా అన్నది ప్రకటనలో తేలకపోతే అప్లై చేసేముందే సెర్చ్ కమిటీ చైర్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టండి.