గన్‌స్మోక్ రేడియో నాటకం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి

పాత అమెరికన్ రేడియో నాటకాలు వినాలని చాలామందికి సరదాగా ఉంటుంది. తీరా నెట్‌లో వెతికితే వందల ఎపిసోడ్లు ఒకేసారి మీద పడతాయి, ఏదో ఒకటి నొక్కి, వంట చేసుకుంటూనో ట్రాఫిక్‌లోనో ఐదు నిమిషాలు విని, యాస అర్థం కాక వదిలేస్తారు. వెస్టర్న్ కథలైతే, అంటే కౌబాయ్ కాలం కథలైతే, మరీను. అందుకే ఇక్కడ ఒక్క నాటకమే పట్టుకుంటున్నాను, గన్‌స్మోక్. సీబీఎస్ రేడియోలో 1952 ఏప్రిల్ 26న మొదలై 1961 జూన్ 18 దాకా వచ్చింది. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ, 1870ల కాలం. మాట్ డిల్లన్ అనే యూఎస్ మార్షల్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారి), అతనికి సాయంగా ఉండే చెస్టర్, డాక్ అని అందరూ పిలిచే డాక్టరు, సెలూన్‌లో (మంగలి షాపు కాదు, మద్యం దుకాణం) పనిచేసే కిట్టీ. ఈ నలుగురి గొంతులు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావాళ్లు వస్తారు, పోతారు, చాలామంది చచ్చిపోతారు కూడా.

ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇదేదో ఆడియో పిచ్చోళ్ల సలహా అనుకోకండి, ఈ నాటకంలో సగం కథ మాటల్లో ఉండదు కాబట్టి చెప్తున్నాను. ఫోన్ స్పీకర్లో వింటే డైలాగులు మాత్రమే వినిపిస్తాయి, డైలాగులు మాత్రమే వింటే ఇదొక మామూలు పోలీసు కథ. స్పీడు కూడా పెంచొద్దు. పాడ్‌కాస్టులు ఒకటిన్నర స్పీడులో వినే అలవాటు ఉన్నవాళ్లు దీనికి మాత్రం మానుకోండి, ఎందుకంటే ఆ మధ్యలో ఉన్న నిశ్శబ్దాలు కావాలని పెట్టినవి, వాటిని కుదించేస్తే టెన్షన్ మొత్తం పోతుంది. ఎపిసోడ్ అరగంట, అందులో ప్రకటనలు పోతే ఇంకా తక్కువే.

ఇక అసలు విషయం, మార్షల్ ఒక బందిపోటుని వెంటాడే ఎపిసోడ్ ఎలా వినాలి. సినిమాలో వెంటాడటం అంటే గుర్రాలు దుమ్ము రేపుకుంటూ పరిగెత్తడం. మనకి 1971లో కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టినప్పటి నుంచీ ఆ దృశ్యం కళ్లలో ఉండిపోయింది. రేడియోలో ఆ పని కుదరదు, గుర్రపు డెక్కల చప్పుడు మూడు నిమిషాలు ఆపకుండా వినిపిస్తే వినేవాడికి నిద్రొస్తుంది. అందుకని నిర్మాత, దర్శకుడు నార్మన్ మెక్‌డానెల్, ప్రధాన రచయిత జాన్ మెస్టన్ వేటని ఎక్కువగా ఆగిన చోట్లలో పెట్టారు. గుర్రం దిగుతారు. జీను తోలు కిర్రుమంటుంది. చెస్టర్ ఏదో వాగుతుంటాడు, కాఫీ గురించో, కాళ్ల నొప్పుల గురించో. మాట్ ఒక్క మాటతో అతన్ని ఆపుతాడు. తర్వాత గాలి మాత్రమే. అక్కడ మీ చెయ్యి ఫోన్ మీదకి పోనివ్వకండి.

ఆ గాలిలో ఏం వెతకాలంటే, మొదటగా కాళ్ల కింద ఏముందో వినండి. చెక్క నడవా మీద బూట్లు ఒకలా మోగుతాయి, ఇసుకలో ఒకలా, ఎండుగడ్డిలో ఇంకోలా. మనిషి ఊళ్లోకి వచ్చాడా, ఊరు దాటాడా అన్నది చాలాసార్లు ఎవరూ నోటితో చెప్పరు, బూట్లు చెప్తాయి. తర్వాత దూరం గమనించండి. ఎవరైనా మైకుకి దూరంగా నిలబడి మాట్లాడితే ఆ పాత్ర వీధికి అవతల ఉన్నట్టు, ఆ గొంతు మెల్లగా దగ్గరైతే అతను నడిచి వస్తున్నట్టు. టామ్ హాన్లీ, రే కెంపర్, బిల్ జేమ్స్ అనే సౌండ్ ఎఫెక్ట్స్ వాళ్లు ఈ పనంతా చేశారు, వాళ్ల పేర్లు నటుల పేర్లతో సమానంగా గుర్తుండాలని నా అభిప్రాయం. డాడ్జ్ వీధిలో పక్క సందులో కుక్క మొరుగుతుంది, ఎక్కడో పిల్లలు ఆడుకుంటుంటారు, కథకి వాటితో పనే లేదు, కానీ అవి ఉన్నట్టుండి ఆగిపోయాయంటే మాత్రం జాగ్రత్తగా వినండి.

మూడోది తుపాకీ. పేరులోనే పొగ ఉంది కదా అని ప్రతి రెండు నిమిషాలకీ కాల్పులు ఉంటాయని ఆశపెట్టుకోకండి, తుపాకీ పేలేది తక్కువ, పేలాక దాని గురించి మాట్లాడుకునేది ఎక్కువ. విలియం కాన్రాడ్ గొంతులో మాట్ డిల్లన్ ఒక మనిషిని చంపాక గెలిచినవాడిలా వినిపించడు, అలసిపోయినవాడిలా వినిపిస్తాడు. ప్రతి ఎపిసోడ్ మొదట్లోనే ఈ ఉద్యోగం మనిషిని కాస్త ఒంటరివాణ్ణి చేస్తుందని అతనే చెప్పుకుంటాడు, మిగతా అరగంట దానికి వివరణే అనుకోండి.

ఎవరికి ఎంత అధికారం ఉందో తెలియకపోతే కథలు సగమే అర్థమవుతాయి, కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఊరికి ఒక మార్షల్ ఉంటాడు, అతని అధికారం ఊరి పొలిమేర దాకానే. కౌంటీకి (మన జిల్లా లాంటిది) షెరీఫ్, ఇతను ఎన్నికల్లో గెలిచి వస్తాడు. యూఎస్ మార్షల్ కేంద్ర ప్రభుత్వం మనిషి, కౌంటీ సరిహద్దు దాటి కూడా వెంటాడగలడు. మాట్ డిల్లన్ మూడో రకం, అందుకే అతను రోజుల తరబడి మైదానాల్లో తిరుగుతాడు. డాడ్జ్‌కి దక్షిణంగా పోతే అప్పటి ఇండియన్ టెరిటరీ, అంటే అమెరికా మూలవాసులకి కేటాయించిన, ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం, ఇప్పటి ఓక్లహోమా. దానికి పడమర పక్కన నో మ్యాన్స్ ల్యాండ్ అని ఒక పట్టీ, 1890 దాకా ఏ రాష్ట్రానికీ ఏ టెరిటరీకీ చెందని నేల. నేరం చేసినవాడు దక్షిణం వైపు గుర్రం తిప్పాడంటే ఎందుకు తిప్పాడో ఇప్పుడు మీకు తెలుసు. ఇక షెరీఫ్ గానీ మార్షల్ గానీ ఊళ్లోవాళ్లని పోగేసి తనతో తీసుకెళ్తే ఆ గుంపుని పోసీ అంటారు, ఈ మాట తరచుగా వస్తుంది. డ్రైగల్చ్ అని వినిపిస్తే, మాటు వేసి కాల్చడం అని అర్థం చేసుకోండి. ఈ రెండూ తెలిస్తే మిగతావి సందర్భాన్ని బట్టి తెలిసిపోతాయి.

వినడం మొదలుపెట్టే ముందు నిజంగా జరిగిన ఒక వేట గురించి తెలుసుకుంటే మంచిది. 1878 అక్టోబరులో డాడ్జ్ సిటీలో డోరా హ్యాండ్ అనే గాయని నిద్రలో ఉండగా బయటినుంచి వచ్చిన తూటా తగిలి చనిపోయింది. ఆమె పడుకున్న ఇల్లు మేయర్ జేమ్స్ కెల్లీది, తూటా ఉద్దేశించింది అతనికేనని అందరూ అనుకున్నారు. అనుమానం స్పైక్ కెనెడీ మీదకి వెళ్లింది, టెక్సాస్‌లో పేరున్న పశువుల ఆసామి కొడుకు. షెరీఫ్ బ్యాట్ మాస్టర్సన్, వ్యాట్ ఎర్ప్, చార్లీ బాసెట్, బిల్ టిల్‌మన్ లాంటి పేరుమోసిన అధికారులు ఉన్న పోసీ బయల్దేరింది. వాళ్లు అతని వెనకాల పరిగెత్తకుండా, ఏ దారిలో వస్తాడో అంచనా వేసి ముందే అక్కడికి చేరి కాచుకున్నారు. కాల్పుల్లో గుర్రం చచ్చింది, కెనెడీకి గాయమైంది, దొరికాడు. చివరికి సాక్ష్యం చాలదని వదిలేశారు. అంత పేరున్న పోసీ అంత కష్టపడి పట్టుకున్నాక జరిగింది అదీ. గన్‌స్మోక్ రాసినవాళ్లు ఈ రకం ముగింపులకి భయపడలేదు, అందుకే పిల్లల వెస్టర్న్‌ల మధ్య ఇది వేరుగా నిలబడింది.

ఇక ఏ ఎపిసోడ్ ముందు? మొదటి ఎపిసోడే ముందు, పేరు బిల్లీ ద కిడ్. చివర్లో ఏముందో ఎక్కడా చదవకుండా వినండి. తర్వాత ద క్యాబిన్, 1952 డిసెంబరుది. మంచు తుఫానులో మాట్ ఒక గుడిసె తలుపు తడతాడు, లోపల ఇద్దరు దుండగులు, వాళ్ల చేతిలో చిక్కిన ఒక అమ్మాయి. దాదాపు మొత్తం ఒకే గదిలో జరుగుతుంది, బయట గాలి ఒక్క క్షణం ఆగదు. గన్‌స్మోక్ ఏమిటో ఒక్క ఎపిసోడ్‌తో తేల్చుకోవాలంటే ఇదే వినండి, ఇది నచ్చకపోతే మిగతావి మీకు నచ్చవు. అదే ఏడాది నవంబరులో వచ్చిన కిట్టీ అనే ఎపిసోడ్‌లో వేట ఏమీ లేదు, మాట్ ఆమెని ఊళ్లో డాన్సుకి తీసుకెళ్తాడంతే, ఊరు ఎలా చూస్తుందన్నదే కథ. ద గిటార్ మాత్రం రాత్రిపూట ఒంటరిగా వినకండి. ఈ నాలుగూ అయ్యాక మీకు నచ్చినట్టు కలిపి వినొచ్చు, వరస పాటించాల్సిన పనిలేదు, ఒకదానితో ఒకటి ముడిపడిన కథలు కావు.

దొరికే చోటు పెద్ద సమస్య కాదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉన్నాయి. ఒకే ఎపిసోడ్ రెండు మూడు రకాలుగా కనిపిస్తే, ప్రకటనలు తీసేసినవి ఎక్కువగా అమెరికా సైన్యం తన సైనికుల కోసం మళ్లీ ప్రసారం చేసినవి. నేనైతే ప్రకటనలు ఉన్నవే వినమంటాను. మనిషి చచ్చిపోయిన సీను అయిన వెంటనే హుషారుగా సిగరెట్ ప్రకటన వస్తుంది, 1950ల అమెరికా అంటే ఏమిటో ఆ రెండిటి మధ్య తెలుస్తుంది. 1949లో తీసిన ప్రయోగాత్మక ఎపిసోడ్లు రెండు కూడా దొరుకుతాయి, కథ ఒకటే, నటులు వేరు, హీరో పేరు మార్క్ డిల్లన్. వాటిని ఇప్పుడే ముట్టుకోకండి, కాన్రాడ్ గొంతు అలవాటయ్యాక వింటే తేడా తెలుస్తుంది.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. అమెరికా మూలవాసుల పాత్రలు ఎక్కువగా తెల్లనటులు వేసినవే, వాళ్ల చేత ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ మాట్లాడిస్తారు. మెస్టన్ కథలు కొన్ని వాళ్ల పక్షానే నిలబడతాయి, అయినా ఆ మాట తీరు చెవికి గుచ్చుకుంటుంది.

ఇంగ్లిష్ యాస భయం ఉన్నవాళ్లకి, డాక్, చెస్టర్ ఇద్దరూ మాట్లాడుకునే సీన్లు రెండుసార్లు వినండి. హోవర్డ్ మెక్‌నియర్, పార్లీ బేర్ ఆ పాత్రలు వేశారు, వాళ్లిద్దరి యాస పట్టుకుంటే మిగతా ఊరంతా పట్టుబడుతుంది. మన ఆకాశవాణి నాటికలు విని పెరిగినవాళ్లకి ఇంకా తేలిక, గొంతుని బట్టి మనిషిని గుర్తుపట్టే అలవాటు అప్పుడే వచ్చేసి ఉంటుంది.

టీవీ గన్‌స్మోక్ జోలికి ఇప్పుడు పోకండి. 1955లో మొదలై ఇరవై ఏళ్లు నడిచింది, అందులో మాట్ డిల్లన్ జేమ్స్ ఆర్నెస్, బాగానే ఉంటుంది, కానీ ఒకసారి ఆ మొహం చూశాక రేడియోలో మీరు ఊహించుకున్న మనిషి ఇక తిరిగి రాడు. పది పదిహేను ఎపిసోడ్లు అయ్యాక మార్పు కావాలంటే టేల్స్ ఆఫ్ ద టెక్సాస్ రేంజర్స్ వైపు వెళ్లండి. ఎన్‌బీసీ అనే మరో రేడియో సంస్థలో 1950 నుంచి 1952 దాకా వచ్చింది, హీరో జోయెల్ మెక్రీ. ఇది ఇరవయ్యో శతాబ్దపు కథ, కారు వెనక ట్రెయిలర్‌లో గుర్రాన్ని కట్టుకుని తిరిగే రేంజరు (టెక్సాస్ రాష్ట్ర పోలీసు అధికారి), రెండు లక్షల అరవై వేల చదరపు మైళ్ల టెక్సాస్‌కి యాభైమందే అధికారులని మొదట్లోనే చెప్తారు. అసలు కేసుల మీద అల్లినవి కాబట్టి చివర్లో నేరస్థుడికి ఏ శిక్ష పడిందో కూడా చదివి వినిపిస్తారు. గన్‌స్మోక్ విన్న వెంటనే ఇది వింటే కొంచెం పొడిగా అనిపిస్తుంది, అందుకే మధ్యలో రెండు రోజులు ఖాళీ ఇవ్వండి.