దుమ్ములో పనిచేసేవాళ్ళు ఊపిరితిత్తుల చెకప్ ఎలా చేయించుకోవాలి

రాళ్ళు కొట్టడం, డ్రిల్లింగ్, సాండ్ బ్లాస్టింగ్, క్వార్ట్జ్ స్లాబులు కట్ చేయడం, పాత ఆస్బెస్టాస్ రేకులు పీకడం, ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్ళు దగ్గు వచ్చాక చూద్దాంలే అని దయచేసి ఆగకండి. సిలికోసిస్, అంటే రాళ్ళు, ఇసుక దుమ్ములో ఉండే సిలికా వల్ల ఊపిరితిత్తుల్లో మచ్చలు పడే జబ్బు, మామూలుగా ఆ దుమ్ములో 10 ఏళ్ళు దాటాక బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే నెలల్లోనే రావచ్చు, ఆస్బెస్టాస్ జబ్బులైతే 20, 30 ఏళ్ళ తర్వాత కూడా వస్తాయి, ఒకసారి ఊపిరితిత్తుల్లో మచ్చలు పడ్డాక వాటిని పోగొట్టే మందు లేదు.

పనిలో చేరేముందే, లేదా చేరిన వెంటనే మొదటి చెకప్ చేయించుకోండి, తర్వాతవన్నీ దీంతోనే పోల్చాలి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా ఏయే పనులు ఎన్నేళ్ళు చేశారు, నీళ్ళు కొడుతూ కోశారా పొడిగా కోశారా, ఏ మాస్క్ వాడారు, సిగరెట్ అలవాటుందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి, డాక్టర్‌కి సగం విషయం అక్కడే తెలుస్తుంది.

ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, దాన్ని ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతిలో, అంటే దుమ్ము జబ్బుల నమూనా ఎక్స్‌రేలతో పోల్చి చదివే డాక్టర్ ఉన్నారేమో అడగండి, ఎందుకంటే తొలిదశ మచ్చలు మామూలుగా చూస్తే దొరకవు. అనుమానం ఉంటే సీటీ స్కాన్ అంటారు.

అసలు జాగ్రత్తగా చేయించుకోవాల్సింది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదే టెస్ట్. ముక్కుకి క్లిప్ పెడతారు, నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ గట్టిగా బిగించి ఒక్కసారిగా బలంగా ఊది, టెక్నీషియన్ చాలు అనేదాకా, సుమారు 6 సెకన్లు, ఆపకుండా ఊదుతూనే ఉండాలి. కనీసం 3 సార్లు సరిగ్గా రావాలి, ఒక్కసారి ఊదించి పంపించేస్తే మళ్ళీ చేయమని అడగండి, మొహమాటపడొద్దు. టెస్ట్‌కి ముందు కడుపునిండా తినొద్దు, కనీసం గంటపాటు సిగరెట్ వద్దు.

రిపోర్ట్ మీద 'నార్మల్' అని ఉంది కదా అని పక్కన పెట్టేయకండి. ఆ వయసు, ఎత్తు ఉన్నవాళ్ళు మామూలుగా ఊదేదాన్ని 100 అనుకుంటే, మొదట్లో 112 శాతం ఉన్న మనిషి 88కి పడిపోయినా రిపోర్ట్ నార్మల్ అనే చెప్పొచ్చు, కానీ అతని ఊపిరితిత్తులు చాలా కోల్పోయాయి, అందుకే ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) అంకెల్ని మీ పాత అంకెల పక్కన పెట్టి చూపించండి. ప్రతి రిపోర్ట్, ఎక్స్‌రే కాపీ మీ దగ్గరే ఉంచుకోండి, కంపెనీ మారితే ఇవే ఆధారం.

సిలికా దుమ్ములో ఉన్నవాళ్ళకి టీబీ ముప్పు చాలా ఎక్కువ, కాబట్టి ఆ టెస్ట్ కూడా అడగండి. తర్వాత చెకప్ ఎప్పుడనేది దుమ్ము ఎంతుంది, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు అన్నదాన్ని బట్టి డాక్టర్ చెప్తారు, ఆయాసం, తగ్గని దగ్గు, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆ తేదీ కోసం చూడొద్దు.

మీలో ఒకరికి జబ్బు తేలితే పక్కన పనిచేసే అందరికీ చెకప్ చేయించమని, గాలిలో దుమ్ము కొలిపించమని పట్టుబట్టండి. పని మానేసినా చెకప్‌లు మానొద్దు, దుమ్ముకి దూరమయ్యాక కూడా సిలికోసిస్ ముదరొచ్చు.