దగ్గితే యూరిన్ లీకవుతోంది, ఇంట్లో తెలియకూడదు: కొనడం నుంచి పారేయడం దాకా

మా ఇంట్లో ఆరుగురం, బాత్రూంలు రెండు. బీరువా తాళాల గుత్తి గోడమేకుకి వేలాడుతూ ఉంటుంది, ఎవరికి ఏది కావాలన్నా వాళ్లే తీసుకుంటారు. ఇలాంటి ఇంట్లో పెద్దవాళ్ల డైపర్ ప్యాకెట్ గుట్టుగా తెచ్చుకుని వాడుకోవడమంటే మాటలు కాదు. రెండో కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా నాకు లీకవడం మొదలైంది. అప్పటినుంచి పడిన తిప్పల్లోంచే ఇదంతా రాస్తున్నాను. కొనేటప్పుడు ఎవరైనా చూస్తారేమో అని అందరూ టెన్షన్ పడతారు. నన్నడిగితే, దొరికిపోయేది చెత్తబుట్ట దగ్గర.

సమస్య: మెడికల్ షాపుకి వెళ్తున్నారు, పారాసిటమాల్ కొనుక్కుని తిరిగొస్తున్నారు

కారణం: పక్కన నలుగురు ఉంటారు, ఏమని అడగాలో నోటికి రాదు. పైగా అది వీధి చివరి షాపు. మీ ఇంట్లో ఎవరు ఏ బీపీ బిళ్ల వేసుకుంటారో కూడా ఆయనకి కంఠతా వచ్చు.

నేనైతే ఇంకో తప్పు కూడా చేశాను. "ఎవరికమ్మా?" అని అడిగితే గాభరాలో "మా మామయ్యగారికండీ" అనేశాను. మర్నాడు మామయ్యగారు షుగర్ మాత్రలకి వెళ్తే, షాపాయన ఎంతో ఆప్యాయంగా "మంచం దిగారా అండీ, ఇప్పుడెలా ఉంది?" అని పలకరించాడట. ఇంటికొచ్చి ఆయన "నాకేమైందే?" అని అత్తయ్యని అడుగుతుంటే నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

పరిష్కారం: ఇంట్లోవాళ్ల పేరు మాత్రం వాడకండి. "తెలిసినవాళ్లకి" అంటే చాలు, ఆపైన ఎవరూ అడగరు. వీధి చివరి షాపు మానేసి ఆసుపత్రులు ఎక్కువున్న చోటికి వెళ్లండి. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల, హైదరాబాద్‌లో కోఠి. అక్కడి మెడికల్, సర్జికల్ షాపులకి ఇది రోజూ అమ్మే సరుకే కాబట్టి మీ మొహం కూడా చూడరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య జనం పలచగా ఉంటారు. నోరు రాకపోతే చీటీ రాసివ్వండి: "అడల్ట్ డైపర్, ప్యాంట్ టైపు, ఎల్ సైజు, 10 పీసులు". డైపర్ అనే మాటే ఇబ్బందైతే "ఫ్రెండ్స్ ప్యాంట్ టైపు, లార్జ్" అనో "లైఫ్రీ, మీడియం" అనో బ్రాండ్ పేరుతో అడిగినా ఇస్తారు.

ఇక ఆ నల్ల కవరు. పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇస్తారు చూడండి, దాని అర్థం తెలియని ఆడమనిషి మన దగ్గర ఉంటుందా? దానివల్ల దాచినట్టు కాదు, టముకు వేసినట్టవుతుంది. గుడ్డసంచి పట్టుకెళ్లండి. ప్యాకెట్ అడుగున పెట్టి, పైన రెండు తోటకూర కట్టలు, ఒక కొత్తిమీర కట్ట. ఆకుకూర సంచి ఎవరూ తడిమి చూడరు.

సమస్య: ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే పెట్టె మీదే బొమ్మ ఉంది

కారణం: కొన్ని పార్సిళ్లకి వేరే అట్టపెట్టె ఉండదు, కంపెనీ పెట్టె మీదే అడ్రస్ అంటించి పంపేస్తారు. ఏది ఎలా వస్తుందో ముందుగా చెప్పలేం.

పరిష్కారం: ఉద్యోగం చేసేవాళ్లు ఆఫీసు అడ్రస్ ఇవ్వండి. లేదంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర పెట్టించి, చీకటిపడ్డాక మీరే తెచ్చుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ అసలు వద్దు. డబ్బులిచ్చినవాళ్లు "ఏం తెప్పించావమ్మా?" అని అడక్కుండా ఉండరు. ముందే కట్టేస్తే బ్యాంకు మెసేజ్‌లో షాపు పేరు, మొత్తం మాత్రమే వస్తాయి, ఏం కొన్నారో అందులో ఉండదు.

ఇంకో సంగతి, ఇంటిల్లిపాదీ వాడే అకౌంట్‌లో వెతక్కండి. నేను మావారి ఫోన్‌లో ఒక్కసారి వెతికినందుకు, వారం రోజులపాటు టీవీలో ఏ వీడియో పెట్టినా పెద్దవాళ్ల డైపర్ల ప్రకటనే వచ్చింది. మీ నంబరుతో వేరే అకౌంట్ తెరుచుకోండి.

సమస్య: ప్యాకెట్ ఇంటికొచ్చింది, పెట్టే చోటు లేదు

పది పీసుల ప్యాకెట్ చిన్న దిండంత ఉంటుంది, కాబట్టి దిండులాగే దాచండి. కవరు విప్పి, పీసుల్ని పాత దిండుగలేబులో పరిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టేస్తే సరి. అటక మీద పెడితే అర్ధరాత్రి స్టూలు వేసుకుని ఎక్కాల్సి వస్తుంది. బాత్రూంలో పెడితే చెమ్మ తగులుతుంది. ఖాళీ ప్యాకెట్‌ని మాత్రం మడిచి ఇంటి బయట పారేయండి. దాని మీద పేరూ బొమ్మా అన్నీ ఉంటాయి.

సమస్య: వాడుతున్నా చీర తడుస్తోంది

కారణం: చాలామంది నెలసరి ప్యాడ్‌తో సరిపెట్టుకుంటారు. నేనూ అంతే, అడగడం సులువని. నెలసరి రక్తం చిక్కగా, మెల్లగా వస్తుంది, ఆ ప్యాడ్ దానికోసం చేసింది. యూరిన్ ఒక్కసారిగా వస్తుంది. అనుమానముంటే బాత్రూంలో ఒక టీ గ్లాసు నీళ్లు దాని మీద గబుక్కున పోసి చూడండి. కొన్ని నీళ్లు పైనే జారి పక్కలనుంచి కారిపోతాయి. యూరిన్ కోసం చేసిన ప్యాడ్ మీద అన్నే పోస్తే లోపలి పొడి పీల్చుకుని జెల్‌లా ఉబ్బుతుంది, కాసేపాగి వేలు పెడితే పైన తడి అంతగా తెలియదు.

పరిష్కారం: దగ్గినప్పుడు, నవ్వినప్పుడు కొద్దిగా వచ్చేవాళ్లకి డైపర్ అక్కర్లేదు. యూరిన్ ప్యాడ్ సరిపోతుంది, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది. బాత్రూంకి చేరేలోపే అయిపోయేవాళ్లకి, రాత్రుళ్లు తడిసేవాళ్లకి ప్యాంట్ టైపు. పక్కన అంటించే టేపు రకం మంచం మీదున్నవాళ్లకి మేలు. సైజు విషయంలో సిగ్గుపడి చిన్నది అడగొద్దు. టైలర్ టేపుతో నడుమూ పిరుదులూ కొలిచి, ఏది ఎక్కువుంటే దాన్ని ప్యాకెట్ మీది అంగుళాలతో సరిచూసుకోండి. వదులైతే తొడల దగ్గర కారుతుంది, బిగుతైతే ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. తడిసినదాన్ని గంటలకొద్దీ ఉంచుకున్నా ఆ మంట తప్పదు.

సమస్య: నడిస్తే గరగరమని చప్పుడు

బయటిపొర ప్లాస్టిక్‌ది. గుడ్డలా మెత్తగా ఉండే రకం అడగండి, పైన బిగుతైన కాటన్ లోదుస్తు వేసుకోండి. చీరకట్టులో లంగా ఉంటుంది కాబట్టి ఆడవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. మగవాళ్లు లుంగీ మానేసి వదులు ప్యాంటు వేసుకుంటే చాలు.

సమస్య: వాడినదాన్ని ఎక్కడ పారేయాలి

ఇక్కడే అందరం దొరికిపోతాం. తడిసిన డైపర్ బరువుగా ఉంటుంది, వాసన వస్తుంది, మామూలు చెత్త కవర్లో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒకసారి నేను రాత్రే కవరు గేటు బయట పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి కుక్కలు లాగి, చింపి, జెల్ అంతా మా గేటునుంచి ఎదురింటి ముగ్గు దాకా పరిచిపెట్టాయి. ఎదురింటి పిన్నిగారు చీపురు పట్టుకుని "ఏంటమ్మా ఈ సగ్గుబియ్యం?" అని అడిగారు. సగ్గుబియ్యమే అని ఒప్పేసుకున్నాను.

పరిష్కారం: తీసిన వెంటనే తడి లోపలికి వచ్చేలా గట్టిగా చుట్టండి. ప్యాంట్ టైపు అయితే పక్క కుట్లు చింపితే కాళ్లమీదికి జారకుండా వచ్చేస్తుంది. న్యూస్‌పేపర్లో చుట్టి, చిన్న కవర్లో పెట్టి ముడి వేసి, మూతున్న డబ్బాలో పడేయండి. నేను పాత నెయ్యి డబ్బా వాడతాను, మూత బిగుతుగా ఉంటుంది. చెత్తబండి పాట వినపడ్డాకే కిందికి దించండి, రాత్రి పెట్టకండి. డైపర్లు, ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వాలని ఘనవ్యర్థాల నిబంధనల్లో కూడా ఉంది. మీరు చుట్టిచ్చారని బండివాళ్లకి అనుమానమేమీ రాదు.

టాయిలెట్లో మాత్రం వేయకండి. పైపులో ఉబ్బి ఇరుక్కుంటుంది. అప్పుడు ప్లంబర్ దాన్ని బయటికి లాగేది అపార్ట్‌మెంట్ జనమంతా చూస్తుండగానే.

సమస్య: డాక్టర్ దగ్గర కూడా దాచేస్తున్నారు

లీకవుతుందని నీళ్లు తాగడం మానేస్తారు. యూరిన్ చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, వాసన పెరుగుతుంది, మలబద్ధకం తోడై లీకు ఎక్కువవుతుంది. నీళ్లు కాదు, కాఫీ టీలు తగ్గించండి.

నాలాగా దగ్గితే లీకయ్యేవాళ్లకి, యూరిన్ ఆపుకునే కింది కండరాల వ్యాయామం బాగా పనిచేస్తుంది. కడుపులో గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు బిగించి 5 సెకన్లు, వదిలేసి 5 సెకన్లు, అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పప్పు ఉడికేదాకా స్టవ్ దగ్గర నిలబడి చేసినా పక్కనున్నవాళ్లకి తెలియదు. కనీసం 3 నెలలు చేయాలి. మంటగా పోస్తున్నా, షుగర్ ఉన్నా, మగవాళ్లకి ధార సన్నబడినా డైపర్‌తో సరిపెట్టకండి, కారణం వేరే ఉండొచ్చు. గైనకాలజిస్టుకో యూరాలజిస్టుకో చూపించండి. యూరిన్‌లో రక్తం ఒక్కసారి కనిపించినా వెళ్లాల్సిందే. లీకుతోపాటు కాళ్లలో బలం పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టర్ మొదట అడిగేది రోజుకి ఎన్నిసార్లు లీకవుతోందని. ఆ లెక్క నేను వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద, పాల ప్యాకెట్ల లెక్క పక్కనే సన్నటి చుక్కలుగా పెట్టాను. నెలాఖరున అత్తయ్య అవి లెక్కపెట్టి, పాలవాడు ఎక్కువ రాస్తున్నాడని వాడితో పోట్లాడారు. ఈ నెల నుంచి చుక్కలు క్యాలెండర్ వెనకవైపు పెడుతున్నాను.