పాత ఎస్‌ఎస్‌80 మొరాయిస్తే: సమస్య, కారణం, మరమ్మతు

మా ఇంట్లో ఉన్నది 1985 మోడల్ మారుతి 800. పేరుకి మన బండే గానీ, డిజైన్ సుజుకి వాళ్ల ఎస్‌ఎస్‌80. 1983 డిసెంబరు 14న మొదటి తాళాలు అందించిన రకం ఇదే. 1986లో బాడీ మారిపోయింది కాబట్టి దీని అద్దాలు, రబ్బర్లు, తలుపు హ్యాండిళ్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఇంజన్ సామాన్ల విషయంలో కాస్త నయం. మూడు సిలిండర్ల 796 సీసీ ఎఫ్8బీ ఇంజన్ ఓమ్నీలోనూ వచ్చింది, ఆ పుణ్యాన స్క్రాపులో ఇంకా దొరుకుతున్నాయి. మిగతావన్నీ విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల లేత్ షాపుల్లో చేయించినవి, లేదా పెరట్లో కూర్చుని నేను కోసుకున్నవి.

ముందుగా ఒక్కమాట. సామాను తయారుచేసే ముందు జబ్బు తేల్చుకోండి. చేత్తో చేసిన ముక్క మీద ఎలాగూ అనుమానం ఉంటుంది. అది బిగించాక కూడా బండి బాగుపడకపోతే, ముక్క తప్పో మన అంచనా తప్పో తెలియక నెలలు గడిచిపోతాయి.

సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటోంది

చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. అంతకంటే ముందు మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. మన సముద్రపు గాలికి ఎర్త్ వైరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పచ్చబారిపోయి ఉంటుంది. లావుపాటి వెల్డింగ్ కేబుల్ ముక్కకి రెండు రాగి లగ్గులు నొక్కించి, బిగించేచోట పెయింటు గీకి, పైన గ్రీజు రాస్తే సరి.

చల్లగా ఉంటే స్టార్టవుతుంది, వేడెక్కాక ఆగిపోతుంది

సాలూరు ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో ఆగిపోవడం, అరగంట చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు లేవడం. నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది ఇదే. నిప్పు అందకపోవాలి, లేదా పెట్రోలు అందకపోవాలి. ఏదన్నది బండి ఆగిన వెంటనే, చల్లారకముందే చూడాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే ఉంటాయి.

ముందు ఒక ప్లగ్గు విప్పి, క్యాప్ తగిలించి, ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టండి. దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు. నీలంగా, చప్పుడుతో కొడితే నిప్పు బాగున్నట్టే. పసుపుగా, బలహీనంగా ఉంటే డెల్కో (ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు) మూత తియ్యండి. లోపల తెరుచుకుంటూ మూసుకునే పాయింట్లు నల్లగా కాలి ఉంటే కండెన్సర్ మీద అనుమానపడాలి, వేడెక్కినప్పుడే పనిచెయ్యడం మానేస్తుంది. పాయింట్లు సన్న ఆకురాయితో సాపు చేసి, గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య పెట్టుకోవచ్చు. కండెన్సర్ మాత్రం కొత్తదే కొనండి, బాగుచేసేది కాదది.

నిప్పు బాగుంటే పెట్రోలు వైపు వెళ్లండి. కాయిల్ వైరు పీకేసి, కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు బుస్సుబుస్సున కొట్టాలి. చుక్కలుగా కారితే పంపులో డయాఫ్రమ్ (పెట్రోలు తోసే రబ్బరు పొర) పోయి ఉండొచ్చు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. 1985 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది.

కొత్త డయాఫ్రమ్ దొరక్కపోతే గుడ్డ కలిసిన నైట్రైల్ రబ్బరు షీటు తెచ్చి కోసుకోవచ్చు. సైకిల్ ట్యూబు ముక్క ఎంతమాత్రం పనికిరాదు. నైట్రైల్ అని అమ్మినదాన్నీ పరీక్షించకుండా వాడొద్దు. నేను తెచ్చిన మొదటి షీటులోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి, వెర్నియర్‌తో కొలిచి, మూత బిగించిన సీసాలో బంకు పెట్రోల్లో రెండు రోజులు నానబెట్టాను. 60 మి.మీ. ఉన్నది 63 అయింది, అంచులు గిన్నెలా లేచాయి. ఆ షీటు పక్కన పడేశాను. రెండో దుకాణంలో తెచ్చింది నానినా కొలత మారలేదు. దాన్ని పాత డయాఫ్రమ్ కింద పెట్టి గీత గీసి కోసి, బోలు పంచ్‌తో బొక్కలు కొట్టాను. కత్తెరతో బొక్క చేస్తే అక్కడినుంచే చిరుగుతుంది.

ఇది మాత్రం మరిచిపోకండి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోలు వాసన వచ్చినా ఇంజన్ తిప్పొద్దు. పంపు బాగుచేసి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చెయ్యాలి.

స్లో స్పీడ్ నిలకడగా ఉండటం లేదు

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వేగం, స్క్రూ ఎంత తిప్పినా, లేస్తూ పడుతూ ఉంటే, నడుస్తున్న ఇంజన్ మీద కార్బొరేటర్ థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ) రెండు కొసల్లో పల్చటి నూనె రెండేసి చుక్కలు వెయ్యండి. చప్పుడు వెంటనే మారితే అక్కడినుంచి గాలి లాగుతోంది, అంటే షాఫ్ట్ తిరిగే బొక్క అరిగింది. బుష్ (లోపల తొడిగే చిన్న గొట్టం) వేయించాలి.

నేను ఇత్తడి బుష్ అడిగాను. ఇత్తడి సామాన్లకి పేరున్న బుడితి మన పక్క జిల్లాలోనే కదా అని. లేత్ మేస్త్రి ఒప్పుకోలేదు. ‘‘ఇత్తడి అయితే ఏటవుతాది బాబూ, బేగి అరిగిపోతాది. గన్‌మెటల్ ఎయ్యండి’’ అన్నాడు. గన్‌మెటల్ అంటే ఒక రకం కంచు. ఆయన మాటే విన్నాను, ఇప్పటికీ షాఫ్ట్ ఆడటం లేదు. విప్పేముందు థ్రాటిల్ పళ్లెం ఏ వైపుకి ఉందో గీత పెట్టుకోండి. దాని చిన్న స్క్రూల కొసలు ఫ్యాక్టరీలో నొక్కి ఉంటాయి, ఆకురాయితో అరగదీసి తియ్యాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి, కొసలు మళ్లీ నొక్కాలి. లేకపోతే ఒకటి ఊడి నేరుగా సిలిండర్లోకి పోతుంది.

హీటెక్కుతోంది

బోరు నీళ్లు పోసిన రేడియేటర్లో సున్నం పేరుకుంటుంది. ఇది రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ పెట్టి సున్నం తోడించడం) చేయించి, కారేచోట మాటు వేయించుకోవచ్చు. తర్వాత కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పొయ్యకండి. ఫ్యాను తిరగకపోతే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి చూడండి. తిరిగితే లోపం స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంది.

థర్మోస్టాట్ మూత ప్యాకింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్యాస్కెట్ షీటు మూత మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట చిన్నగా తట్టుకుంటూ పోతే ఆ ఆకారానికి అదే తెగుతుంది. హెడ్ గ్యాస్కెట్ మాత్రం కొన్నదే వెయ్యాలి. అల్యూమినియం హెడ్ ఒకసారి బాగా కాలితే వంగుతుంది. తిన్నటి స్టీలు పట్టీ ఆనించినప్పుడు కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరిందంటే సర్ఫేసింగ్ (మెషీన్ మీద చదును) చేయించకుండా బిగించొద్దు.

కాళ్ల కింద మ్యాటు తడుస్తోంది

పైన అద్దం రబ్బరు, కింద తుప్పు, రెండూ చూడాలి. తుప్పు మీద రేకు అతికించడం మోసం, లోపల తినేస్తూనే ఉంటుంది. గట్టి రేకు వచ్చేదాకా కోసెయ్యండి. చీరల డబ్బా అట్టతో నమూనా కోసి, సరిపోయాకే 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) రేకు కత్తిరించండి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పి, పెట్రోలు ట్యాంకు దింపించండి. ఇది వాయిదా వేసే పని కాదు. టాకాలు ఒకే వరసలో కాకుండా ఎదురెదురు మూలల్లో వేయిస్తే రేకు వంకర పోదు. తర్వాత సీమ్ సీలర్, రెండువైపులా ప్రైమరు.

బ్రేకు పెడల్ మెత్తగా దిగిపోతోంది

ఇక్కడ చేతి తయారీ వద్దు. వీల్ సిలిండర్ రబ్బర్లు కిట్‌లోవే వాడాలి. ఏసీ మెకానిక్ దగ్గరి రాగి పైపుతో బ్రేకు లైను వేసిన బండ్లు చూశాను. రాగి కంపనానికి గట్టిపడి పగుళ్లిస్తుంది. స్టీలు పైపు తెచ్చి, కొసలు డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా వెడల్పు) చేయించండి. కొత్త బ్రేకు ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి గాలి తియ్యండి. తర్వాత ప్రతి జాయింటు కిందా ఒక న్యూస్‌పేపర్ పరిచి, ఇంకొకరిని పెడల్ మీద ఒక నిమిషం గట్టిగా కాలు ఉంచమనండి. ఒక్క కాగితం మీద తడి మచ్చ కనిపించినా ఆ జాయింటు మళ్లీ విప్పాల్సిందే.